గీత కదల్లేదు

ఇంటి ఓనరు పెద్దాయన మోకాళ్ళ నొప్పుల మనిషి. కింద నుంచి ఒక కేక వేస్తే పోయేదానికి ఆయన పనిగట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చాడంటే విషయం గట్టిదే అయి ఉండాలి. తలుపు తీసిన పళ్ళ మేస్త్రీ చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. ఆదివారం కదా, చేపల తొట్టి అద్దానికి లోపలివైపు పట్టిన పాచి గీకుతున్నాడు.

"మా పడకగది గోడ చెమ్మెక్కింది" అన్నాడు పెద్దాయన, ఆయాసం తీరకుండానే. "నీ సముద్రం నా నెత్తిమీదికి దిగుతున్నట్టుంది నాయనా."

పళ్ళ మేస్త్రీ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో అతని పని. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల మీద మైనం పోసి, పళ్ళు పేర్చి, అరగదీసి, మెరుగుపెట్టి తిప్పి పంపుతాడు. పెద్దాయన నోట్లో ఉన్న పై పళ్ళ సెట్టు కూడా అతను చేసిందే. అది ఎక్కడైనా ఒరుసుకుంటే తనే కిందికి వెళ్ళి సరిచేసి వస్తాడు. కాబట్టి ఆయన నవ్వే ప్రతి నవ్వులోనూ ఇతనికి కాస్త వాటా ఉంది. ఇంట్లో మాత్రం మాట తక్కువ. "ఊరందరి నోళ్ళూ బాగుచేస్తారు, మీ నోరు మాత్రం పెగలదు" అని భార్య దెప్పుతుంటుంది.

ఆ నోరు పెగిలేది తొట్టి దగ్గరే. హాల్లో గోడకి ఆనించి, ఇనప స్టాండు మీద, మంచం పొడవున్న గాజు తొట్టి. లోపల ఉప్పునీళ్ళు, రెండు చేపలు, రాళ్ళు, రాళ్ళమీద బతికున్న పగడాలు. గోరంత ముక్కలు తెచ్చి అంటించి పెంచాడు వాటిని. కొన్ని రంగురంగుల బొత్తాల్లా పరుచుకుని ఉంటాయి. ఒకటి పుట్టగొడుగులా గొడుగు విప్పుతుంది. ఇంకొకటి ఆకుపచ్చ వేళ్ళు చాపి, పంపు తోసే నీటికి అటూ ఇటూ ఊగుతుంది. చూసేవాళ్ళు అవి మొక్కలనుకుంటారు. "మొక్కలు కావండీ, ప్రాణులు. వాటికి నోళ్ళుంటాయి, తింటాయి" అని అతను మొదలుపెడితే ఆపడం కష్టం. పిల్లల్లేని ఇంట్లో ఆ తొట్టి ఏమిటో భార్యకి తెలుసు. అందుకే కరెంటు విషయంలోనూ, నేలమీద పడే ఉప్పు మరకల విషయంలోనూ ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

ఇప్పుడు ఆ తొట్టి తీసెయ్యమంటాడేమోనని మేస్త్రీకి భయం పట్టుకుంది. పగడాల తొట్టిని ఒకసారి విప్పితే మళ్ళీ అలాగే కట్టడం ఉండదు. సగం పైగా చచ్చిపోతాయి.

"మీరే చూడండి బాబాయ్ గారూ" అంటూ స్టాండు తలుపు తీశాడు. పై తొట్టిలో నీళ్ళు పొర్లి, గొట్టంలోంచి స్టాండు లోపలున్న చిన్న తొట్టిలోకి దిగుతాయి. అక్కడ శుభ్రపడ్డాక పంపు మళ్ళీ పైకి తోస్తుంది. ఆ కింది తొట్టి అద్దం మీద మార్కరుతో గీసిన నల్లగీత ఉంది. "నీళ్ళు ఎక్కడ కారినా ముందు ఇక్కడ తగ్గాలి. తగ్గాయా?"

పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని వంగాడు. నీళ్ళు గీతని అంటుకునే ఉన్నాయి.

"తగ్గలేదు."

"వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. రోజూ చూస్తూనే ఉన్నాను. గీత కదల్లేదు."

అతను అబద్ధం చెప్పలేదు. చూస్తున్నదీ నిజమే, గీత కదలనిదీ నిజమే. పెద్దాయనకి పంపులూ గొట్టాలూ ఏమీ అర్థం కాలేదు గాని గీత అర్థమైంది. నడుం నిటారుగా చేసి, తెరిచి ఉన్న తలుపులోంచి నడవా అవతలికి చూశాడు.

అవతల వెనక గదిలో పరదాలావిడ ఉంటుంది. లాడ్జీల్లోంచీ క్లినిక్కుల్లోంచీ కిటికీ పరదాలు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, కొక్కేలు మళ్ళీ తగిలించి ఇస్తుంది. ఒంటరి మనిషి. ఆ గదిని ఆనుకున్న పెద్ద నీళ్ళగదిని చూసే ఆమె అక్కడ చేరింది.

పెద్దాయన పిలిస్తే తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ అంతస్తులో నీళ్ళు ఎక్కువ వాడేదెవరమ్మా?"

"నేనే బాబాయ్ గారూ. కాని వాడినవన్నీ తూములోకే పోతాయి. రండి, నేల చూడండి, పొడిగా ఉంటుంది."

"పైకి పొడిగానే ఉంటుంది. కింద పడుకునేది నేను కదా."

"మరి అన్నయ్యగారి తొట్టో?" అంది. నింద వేసినట్టు కాదు, దుకాణంలో ఇంకో రంగుందా అని అడిగినట్టు అడిగింది.

"అది చూసే మాట్లాడుతున్నా. అక్కడ గీత కదల్లేదు."

ఆమె మేస్త్రీ వైపు చూసింది. అతను అవునన్నట్టు తల ఊపాడు. తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది. ప్లంబర్ని పిలిపించమని భార్య లోపల్నుంచి అంది. "ప్లంబరొస్తే ముందు గోడ పగలగొట్టి తరవాత ఆలోచిస్తాడు" అన్నాడు పెద్దాయన. "వెనక గది నీళ్ళు కొన్నాళ్ళు కట్టేద్దాం. గోడ ఆరిందా, సంగతి తేలినట్టే."

*

మర్నాడు పొద్దున్నే డాబా మీద వాల్వు బిగించిన చప్పుడు వినిపించింది. మేస్త్రీ భార్య కొరియర్ ఆఫీసుకి బయలుదేరుతుంటే పరదాలావిడ రెండు బకెట్లతో మెట్లెక్కుతూ ఎదురైంది. వీధి చివరి కుళాయి నుంచి మోసుకొస్తోంది. ఒక్కో మలుపు దగ్గరా బకెట్లు దించి, అరచేతుల్లో పడిన గాట్లు చూసుకుని, మళ్ళీ ఎత్తుకుంటోంది.

"మా పంపు దగ్గర పట్టుకోరాదూ?" అంది భార్య.

"పెద్దాయన చూస్తే మీక్కూడా మాటొస్తుంది వదినా. పర్లేదు, ఈ లాడ్జీ పరదాలు బుధవారానికి ఇచ్చేస్తే గండం గడిచినట్టే."

తడిసిన పరదా ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుసు. సబ్బు పోయేదాకా జాడించడానికే బోలెడు నీళ్ళు కావాలి. మేస్త్రీ భార్య ఆ రోజంతా ఆఫీసులో పార్సిళ్ళకి అట్టలు చుడుతూ ఆ చేతులే తలుచుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొగుడు తొట్టి ముందు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా కూడా విప్పలేదు.

"ఆవిడ నీళ్ళు మోసుకుంటోంది, చూశారా?"

"పుట్టగొడుగు విప్పుకోలేదు" అన్నాడు అతను.

నిజమే, అది గొడుగు ముడుచుకుని బిగిసిపోయింది. బొత్తాల్లాంటివి సగానికి సగం మూసుకున్నాయి. ఆకుపచ్చ వేళ్ళు పొట్టిగా, లోపలికి లాక్కున్నట్టున్నాయి. చేపలు రెండూ మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాయి. అతను పంపు విప్పి బ్రష్షుతో తోమాడు. నీళ్ళు వడకట్టే పాత బొగ్గు సంచి తీసి కొత్తది వేశాడు. లైటు పొజిషను మార్చాడు. తన చేతికి సబ్బేమైనా అంటిందేమోనని మూడుసార్లు కడుక్కున్నాడు. కింద పెద్దాయన తలుపులకి రంగు వేయిస్తున్నాడని గుర్తొచ్చి, ఆ వాసనే పైకొచ్చి నీళ్ళలో కలిసి ఉంటుందని తీర్మానించి కిటికీలు మూశాడు. మనసుకి ఊరట కావాలంటే కారణం ఏదో ఒకటి దొరుకుతుంది.

ఆ మర్నాటికి ఇంకా ఎక్కువైంది. ఎప్పుడూ అద్దం మీద పాకే నత్తలు ఇసకలో వెల్లకిలా పడి ఉన్నాయి. అతను ఒక్కోదాన్నీ పట్టకారుతో లేపి నిలబెడితే, కాసేపటికి మళ్ళీ ఒరిగిపోతున్నాయి. ల్యాబులో మైనం కరిగిస్తూ చేపల షాపతనికి ఫోన్ చేశాడు.

"ఉప్పెంతుంది?" అన్నాడు షాపతను, మిగతాదేమీ వినకుండా.

"ఉప్పెక్కడికి పోతుంది? నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఉంటుంది. తగ్గినంత మంచినీళ్ళు పోస్తే సరి. ఆ మాత్రం నాకు తెలీదా?"

"తెలుసు గురూ. చూశావా అని అడుగుతున్నా."

"గీత కదల్లేదయ్యా" అన్నాడు అతను విసుగ్గా, అదే అన్నిటికీ జవాబైనట్టు.

ఇన్నేళ్ళూ ఆ తగ్గినంతా అతను తన చేత్తోనే పోసేవాడు. పొద్దున్నే కాఫీ కంటే ముందు జగ్గుతో ఫిల్టరు నీళ్ళు పట్టి గీత దాకా నింపేవాడు. ఈ మధ్యే ఆ శ్రమ లేకుండా కింది తొట్టిలో తేలే బంతి ఒకటి బిగించుకున్నాడు. నీళ్ళు తగ్గితే బంతి కిందికి దిగుతుంది, వంటింటి ఫిల్టరు నుంచి సన్నటి గొట్టంలో నీళ్ళొస్తాయి. గీత దాకా రాగానే బంతి లేచి ఆపేస్తుంది. బిగించిన రోజు భార్యని నిలబెట్టి రెండుసార్లు చూపించి మురిసిపోయాడు.

అతను ల్యాబు నుంచి వచ్చేసరికి పరదాలావిడ నడవాలో అతనికోసమే కాచుకుని ఉంది. వెనక తాడు మీద పరదాలు వేలాడుతున్నాయి, నేలంతా చుక్కలు. పిండడానికి కూడా ఓపిక లేనట్టుంది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట. నీళ్ళు కట్టేసి రెండో రోజు కదా, గోడ ఆరిందేమో చూశారా అని పెద్దాయన్ని అడిగాను. ఆరలేదంట. మరి నా నీళ్ళయితే ఆరాలిగా అన్నా. బకెట్లతో తెచ్చి పోస్తున్నావుగా, ఎందుకారుతుంది అంటున్నాడు. మీరు చెప్తే వింటాడు. ప్లంబర్ని పిలిపించి చూడమనండి, అంతే. నా తప్పుంటే నేనే వెళ్ళిపోతాను."

"చెప్తాను."

"ఇవాళే చెప్పండి అన్నా. రేపు లాడ్జీవాళ్ళకి ఇవ్వాలి."

"ఇప్పుడే వెళ్తాను" అన్నాడు. అన్నప్పుడు నిజంగానే వెళ్దామనుకున్నాడు. ఆ మాట కోసం కాకపోయినా, తలుపుల రంగు సంగతి అడగడానికి ఎలాగూ వెళ్ళాలి.

పెద్దాయన టీవీ ముందు కూర్చుని, కట్టుడు పళ్ళు తీసి గిన్నెలో వేసుకుని, బోసి నోటితో బిస్కట్టు చప్పరిస్తున్నాడు. ఇతన్ని చూసి పళ్ళు తగిలించుకుని, రా రా అని కుర్చీ లాగాడు. గోడ చూపించాడు. కప్పు దగ్గర మొదలై మంచం తల దాకా పెద్ద మరక.

"రంగు వాసన పైకొస్తోంది బాబాయ్ గారూ. నా పగడాలన్నీ ముడుచుకుపోతున్నాయి."

"అయ్యో, అలాగా? కిటికీ మూయించి వేయిస్తాలే. నీ సముద్రానికి ఏమన్నా అయితే మీ ఆవిడ నన్ను బతకనిస్తుందా?" అని నవ్వాడు పెద్దాయన. "ఆ వెనకావిడే నా ప్రాణానికొచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

అప్పుడు చెప్పాలి. ప్లంబర్ని పిలవండి అని రెండు మాటలు. మేస్త్రీ మరక కేసి చూశాడు. ప్లంబరు వస్తే ముందు తన తొట్టినే కదుపుతాడు, గోడ దగ్గర నుంచి జరపమంటాడు. పగడాలు ఇప్పుడున్న స్థితిలో స్టాండుని ఇంచీ జరిపినా తట్టుకోవు. తగ్గాక చెప్దాం, రెండు రోజుల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాడు.

"సెట్టు ఎక్కడైనా ఒరుసుకుంటోందా?" అని అడిగాడు.

"కుడివైపు కొద్దిగా."

జేబులోంచి చిన్న ఆకురాయి తీసి, కుడివైపు కొద్దిగా రాసి, పైకి వచ్చేశాడు. పరదాలావిడ గది తలుపు తీసే ఉంది. ఇస్త్రీ బల్ల మీద వంగి ఉన్న మనిషి తలెత్తి చూసింది. అతను చెయ్యెత్తి, సరే సరే అన్నట్టు ఏదో సైగ చేసి, గబగబా తన వాటాలోకి దూరి తలుపేసుకున్నాడు. సిగ్గేసింది. తొట్టి ముందు కూర్చోగానే ఆ సిగ్గు కూడా పోయింది. ఆకుపచ్చ వేళ్ళ చివర్లు తెల్లబడుతున్నాయి.

*

బుధవారం ల్యాబుకి సెలవు పెట్టాడు. సెలవు పెట్టి చేసేదేమీ లేదు, చూస్తూ కూర్చోవడమే. జబ్బుపడ్డ మనిషైతే ఎక్కడ నొప్పో చెబుతాడు, లేకపోతే మూలుగుతాడు. ఇవి రంగు పోగొట్టుకుంటాయి, అంతే. ఒంటిమీద మెత్తటి తోలు ఊడి తెరలు తెరలుగా నీళ్ళలో తేలుతుంటే వల పెట్టి తీసి పారేస్తున్నాడు. రొయ్య రాతి కింద దాక్కుని బయటికి రావడం లేదు. ఏదన్నా మందుందా అంటే మందు పోస్తే ముందు చచ్చేవి అవే. ముట్టుకోకూడదు, మార్చకూడదు, తొందరపడకూడదు. ఇన్నేళ్ళు నేర్చుకున్న విద్యంతా ఊరికే ఉండమని చెప్పే విద్యే.

మధ్యాహ్నం దాటాక, ఇక ఏమీ తోచక, అల్మరాలోంచి ఉప్పు చూసే గొట్టం తీశాడు. గాజు పలక మీద ఒక చుక్క నీళ్ళు వేసి, మూత వేసి, వెలుగు వైపు తిప్పి కంటికి పెట్టుకుంటే, లోపల నీలం రంగూ తెలుపూ కలిసే చోట ఉప్పెంతో తెలుస్తుంది. చూశాడు. పలక తుడిచి ఇంకో చుక్క వేసి చూశాడు. మంచినీళ్ళతో సరిచేసుకుని మళ్ళీ చూశాడు.

ఉప్పు చాలా తగ్గిపోయింది.

ఉప్పు ఆవిరవదు. చేపలు తినవు. తొట్టిలోంచి ఉప్పు పోవాలంటే ఒకటే దారి, ఉప్పునీళ్ళుగా బయటికి పోవాలి. పోయినంతా బంతి మంచినీళ్ళతో నింపుతూ వచ్చింది. గీత కదలకుండా చూసుకోవడమే దాని పని. ఆ పని అది చక్కగా చేసింది.

మేస్త్రీ వంటింట్లోకి వెళ్ళి సన్నగొట్టం కుళాయి కట్టేశాడు. ల్యాబు సంచిలోంచి పళ్ళు చూసే చిన్న అద్దం, టార్చిలైటు తెచ్చాడు. నేలమీద బోర్లా పడుకుని, స్టాండుకీ గోడకీ మధ్య సందులో అద్దం పెట్టి, కాస్త కాస్త తిప్పుతూ చూశాడు. పంపు పైకి తోసే గొట్టం అతుకు దగ్గర నీళ్ళు ఊరి, సన్నటి ధారగా గోడని అంటుకుని జారుతున్నాయి. గోడ మొదట్లో నేల పగులుంది. పగులు పొడవునా తెల్లగా ఉప్పు మొలకలు లేచాయి. ఆ పగులు నడవా వైపు, వెనక గది వైపే, కింద పెద్దాయన పడకగది మీదికే పోతోంది.

అలాగే పడుకుని ఉండిపోయాడు. గీత దగ్గర నీళ్ళు అప్పుడే వేలెడు దిగాయి.

సాయంత్రం భార్య వచ్చేసరికి అతను నేలమీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా ముందువైపంతా దుమ్ము.

"పోయాయా?" అంది ఆమె తొట్టి వైపు చూస్తూ.

"మన నీళ్ళే" అన్నాడు. "మొదట్నుంచీ మన నీళ్ళే."

ఆమె సంచి కింద పెట్టింది.

"కింద ట్రాలీ బండి ఆగి ఉంది. లాడ్జీవాళ్ళు పరదాలు తీసుకుపోయి వేరేవాళ్ళకి ఇచ్చేశారంట, సబ్బు వాసన పోలేదని. పెద్దాయన ఆవిణ్ణి ఖాళీ చెయ్యమన్నాడు. సామాను దింపుతోంది. వెళ్ళి చెప్పండి" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

పెద్దాయన వరండాలో నిలబడి సామాను దిగడం చూస్తున్నాడు. ఇతన్ని లోపలికి తీసుకెళ్ళాడు. మేస్త్రీ కూర్చోలేదు. చెప్పాల్సిందంతా చెప్పాడు. బంతి సంగతి, అతుకు సంగతి, పగులు సంగతి, ఆదివారం తను తల ఊపిన సంగతి. ఇంత పొడుగ్గా పగడాల గురించి కాకుండా అతను ఎప్పుడూ మాట్లాడలేదు.

"తొట్టి తీసేస్తాను బాబాయ్ గారూ. రేపే తీసేస్తాను. ఆవిణ్ణి ఉండమనండి. నీళ్ళు విప్పండి."

పెద్దాయన అంతా విన్నాడు. తరవాత అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు కాబట్టి వచ్చి చెప్పావు. ఇంకొకడైతే నోరు మూసుకుని ఊరుకునేవాడు" అన్నాడు. "తొట్టి తీసెయ్యడమేమిట్రా, పిచ్చివాడా? ప్రాణంగా పెంచుకుంటున్నావు. ఆ అతుకేదో బిగించుకో, కింద ఒక పళ్ళెం పెట్టుకో. పగులు నేను పూడిపిస్తాను. సరిపోతుంది."

"మరి ఆవిడ?"

"ఆ గది మా బావమరిదికి చెప్పేశాను, వాడి సామాను పెట్టుకోవడానికి. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఇప్పుడు మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుందా? అయినా రోజంతా నీళ్ళతో పనిచేసే మనిషి, ఇవాళ కాకపోతే రేపైనా ఏదో ఒక తంటా వచ్చేదే." అని నవ్వాడు, దయగానే. పళ్ళు ఎక్కడా ఒరుసుకోవడం లేదు.

వాదించడానికి ఏమీ మిగల్లేదు. తొట్టి తీసెయ్యమని గదమాయిస్తే, తీసేస్తాను, ఆవిణ్ణి ఉంచండి అని అడగొచ్చు. తియ్యొద్దన్నవాణ్ణి ఏమని అడుగుతాడు? మేస్త్రీ వీధిలోకి వచ్చాడు.

ట్రాలీలో గిన్నెల బుట్ట, చాప, కొక్కేల డబ్బా, రెండు బకెట్లు ఉన్నాయి. ఇస్త్రీ బల్ల ఇంకా నేలమీదే ఉంది. పరదాలావిడ బుట్టకి తాడు బిగిస్తోంది. అతను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"నీళ్ళు నా తొట్టివేనమ్మా. ఇవాళ చూశాను. నీ తప్పేం లేదు."

ఆమె తాడు ముడి వెయ్యడం పూర్తిచేసింది. గాట్లు పడిన అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుంది.

"పెద్దాయనకి చెప్పారా?"

"ఇప్పుడే చెప్పొస్తున్నాను."

"ఏమన్నాడు?"

నన్ను మెచ్చుకున్నాడు అని ఎలా చెప్తాడు. ఆమె అతని ముఖంలోకి చూస్తూనే ఉంది. కోపంగా లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు చూస్తోంది.

"తొట్టి తీసెయ్యమన్నాడా?"

"లేదు. ఉంచుకోమన్నాడు."

డ్రైవరు ఇస్త్రీ బల్లని ఒక పక్క ఎత్తి పట్టుకుని, వీళ్ళిద్దరూ ఏదో తేల్చుకుంటున్నారని ఆగాడు. "ఎక్కించమంటారా, ఆగమంటారా?" అని అడిగాడు.

ఆమె మేస్త్రీ వైపే చూసింది. ఆ చూపులో ఇంకా కొంచెం ఆశ ఉందని అతనికి తెలిసింది. ఆగమని ఒక్క మాట అంటే ఆగేలా ఉంది. ఆగి ఎక్కడుండాలో, ఏ నీళ్ళతో ఉతకాలో, ఏ లాడ్జీ పరదాలు ఉతకాలో చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు.

"ఎక్కించు" అంది ఆమె డ్రైవరుతో.

బల్ల బరువుగా ఉంది. రెండో వైపు పట్టుకునేవాళ్ళు లేక డ్రైవరు తడబడుతుంటే, మేస్త్రీ వెళ్ళి పట్టుకుని ఎత్తాడు.